ఫైలు మారింది, ప్రోగ్రాముకు తెలీలేదు

ఫస్టియర్ జావా ల్యాబ్ మొదటి రోజు మనందరికీ ఒకటే అనుభవం. జేడీకే ఇన్‌స్టాల్ చేసి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకి వెళ్లి, పాత్ సరిచేసి, ఓకే నొక్కి, ఆ నల్ల విండోలోకి వచ్చి జావాసీ అని కొడితే అలాంటి కమాండే లేదంటుంది. మళ్లీ వెళ్లి చూస్తే పాత్ కరెక్ట్‌గానే ఉంటుంది. పక్క సిస్టమ్ వాడు తొంగి చూసి "ఆ విండో మూసి మళ్లీ తెరువు రా" అంటాడు. తెరిస్తే పనిచేస్తుంది. ఎందుకు పనిచేసిందో వాడికీ తెలీదు, మనకీ తెలీదు. రికార్డులో రాయక్కర్లేదు కాబట్టి ఎవరూ అడగరు కూడా.

కారణం సెకండియర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో తెలిసింది. ప్రతి ప్రాసెస్‌కీ తన మెమరీ తనదే. పుట్టేటప్పుడు తల్లి ప్రాసెస్ దగ్గర్నుంచి ఆ వేరియబుల్స్ అన్నింటికీ ఒక కాపీ తెచ్చుకుంటుంది. ఆ తర్వాత బయట ఎంత మార్చినా, లోపల చదువుకునేది ఆ కాపీనే. అత్తారింటికి పోయిన కూతురు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ లాంటిది. అక్కడ అమ్మ కొత్త ఆవకాయ పెట్టినంత మాత్రాన ఇక్కడి జాడీలో రుచి మారదు కదా.

ఇదంతా మిడ్ ఎగ్జామ్‌లో ఐదు మార్కుల ప్రశ్న అనుకున్నా. పోయిన దసరాకి ఇంటికి వెళ్లాక, దీనివల్ల ఒక మనిషి పేరు కూడా పాడవుతుందని తెలిసింది.

మాది సిమెంటు, ఇనుము కొట్టు. కౌంటరు ఆళ్లగడ్డలో ఉంది, నాయన చూసుకుంటాడు. గోడౌను నంద్యాలలో, అది చిన్నాయన చేతిలో. మధ్యలో 40వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 40 కిలోమీటర్లు. గుర్తుపెట్టుకోవడం సులువు. ఆళ్లగడ్డ కొట్లో ఒక కంప్యూటరు, అందులో రెండు ప్రోగ్రాములు. ఒకటి బిల్లు వేసేది. రెండోది ఎస్టిమేట్ ఇచ్చేది, అంటే ఇల్లు కట్టేవాళ్లు వచ్చి "ఇన్ని బస్తాలు, ఇన్ని టన్నుల కమ్మీ, ఎంతవుతుంది" అని అడిగితే ఒక కాయితం మీద లెక్క కొట్టి ఇచ్చేది. రెండూ వేరువేరు ప్రోగ్రాములే అయినా, రేట్లూ పన్ను శాతాలూ మాత్రం ఒకే ఫైల్లోంచి తీసుకుంటాయి. అమ్మినాయన అప్పట్లో దాన్ని గొప్పగా చెప్పాడంట, "ఒక్క చోట మారిస్తే రెండిట్లోనూ మారిపోతుంది సార్" అని. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. సగం నిజం. అదే ఇబ్బంది.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం జరిగింది. 12, 28 శాతం శ్లాబులు ఎత్తేసి చాలా వస్తువుల పన్ను తగ్గించారు. ఇనుము 18 దగ్గరే ఉంది. సిమెంటు మాత్రం 28 నుంచి 18కి దిగింది. అమలు 22వ తేదీ సోమవారం నుంచి, సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజు. ఊర్లో ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కరూ ఆ తేదీ కోసమే ఎదురుచూస్తున్నారు. ఆ మధ్యలో రెండు వారాలు కొట్లో ఈగలు తోలుకున్నామని నాయన చెప్పాడు.

ఆదివారం రాత్రి ఆ సాఫ్ట్‌వేర్ మనిషి దూరం నుంచే మా కంప్యూటర్లోకి వచ్చి, ఫైల్లో 28 తీసేసి 18 పెట్టి, సేవ్ చేసి, "అయిపోయింది సార్" అని మెసేజ్ పెట్టాడు. నంద్యాల గోడౌన్ కంప్యూటర్లోనూ అట్లాగే మార్చాడు. సోమవారం పొద్దున కొట్టు తెరిచారు. బిల్లింగ్ ప్రోగ్రాము రోజూ రాత్రి లెక్క క్లోజ్ చేసి మూసేస్తారు కాబట్టి, పొద్దున తెరవగానే కొత్త ఫైలు చదువుకుంది. 18 వేసింది. ఎస్టిమేట్ ప్రోగ్రామును మాత్రం వినాయక చవితి అప్పటి నుంచి ఎవరూ మూయలేదు. కంప్యూటర్ని షట్‌డౌన్ చేసే అలవాటు మా కొట్లో లేదు, స్లీప్‌లో పెట్టి మూత వేసినట్టు గుడ్డ కప్పేస్తారు. అది తెరిచినప్పుడు ఎప్పుడో చదువుకున్న 28నే పట్టుకుని కూర్చుంది. ఒకే కంప్యూటరు, ఒకే ఫైలు, పక్కపక్క విండోలు. ఒకదాంట్లో 18, ఇంకోదాంట్లో 28.

ఆ పొద్దున వచ్చిన మొదటి మనిషి ఒక బేల్దారి మేస్త్రి. పేరు రాయను. మా జేజి ఇల్లు కట్టింది ఆయనే. ఒక ఇంటి ఓనరు తరఫున 400 బస్తాలకు ఎస్టిమేట్ అడిగాడు. పన్ను కలపక ముందు బస్తా 250 రూపాయలు. 28 శాతం కలిపితే 320. మొత్తం 1,28,000 అని కాయితం వచ్చింది. ఓనరు ఆ కాయితం చూసి డబ్బులు లెక్కబెట్టి ఇచ్చాడు, మేస్త్రి తెచ్చి మా కౌంటర్లో కట్టాడు. బుధవారం నంద్యాల గోడౌన్ నుంచి లోడు వెళ్లింది, అక్కడే బిల్లు వేశారు. 18 శాతంతో బస్తా 295. మొత్తం 1,18,000. మిగిలిన 10,000 మా లెక్కల్లో మేస్త్రి ఖాతా కింద జమ పడి ఉంది. అది ఆయనకు తెలీదు. మా గుమాస్తా కూడా "అడ్వాన్సేమోలే" అనుకున్నాడు. లారీ డ్రైవరు బిల్లు తీసుకెళ్లి నేరుగా ఓనరు చేతిలో పెట్టాడు.

మేస్త్రి మా కొట్టుకొచ్చి గొడవ చేస్తాడేమోనని నాయన అనుకున్నాడంట. చేయలేదు. స్టూలు మీద కూర్చుని, "ఆయప్ప నన్నేమీ అన్లేదు శేటూ. బిల్లు నా చేతికిచ్చి ఊరికే సూస్తా నిలబడినాడు అంతే" అన్నాడంట.

నాయన అదే సాయంత్రం 10,000 తీసుకుని, మేస్త్రిని బండెక్కించుకుని ఓనరు ఇంటికి వెళ్లాడు. రెండు కాయితాలూ పెట్టి, తప్పు మా కంప్యూటర్‌దని చెప్పాడు. ఓనరు నవ్వి, కాఫీ ఇచ్చి, "అయ్యో దానికేముంది" అన్నాడు. తర్వాత పై అంతస్తు పని వేరే మేస్త్రికి ఇచ్చాడు. కారణం ఇదేనా, ఇంకేమన్నా ఉందా, మేము అడగలేము కదా.

నేను ఇంటికి చేరేసరికి ఇదంతా అయిపోయింది. అన్నం తినకముందే నాయన ఆ రెండు కాయితాలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "కంప్యూటర్ సదువుతాండావు కదా, ఇది ఎట్ల అయితాదో సెప్పు" అన్నాడు. నాలుగు సెమిస్టర్లలో ఏ వైవాలోనూ నాకు అంత భయం వెయ్యలేదు.

కారణం చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆవకాయ జాడీ పోలిక అప్పుడు మా అమ్మ కోసం వాడిందే. నాయన విని ఒకటే అడిగాడు. "మరి ఫైలు మార్చినప్పుడు ఆ రెండోదానికి సెప్పల్ల కదా? ఎవరూ సెప్పకుంటే దానికెట్ల తెలుస్తాది?"

మన సబ్జెక్టులో ఈ టాపిక్ మొత్తం ఆ ప్రశ్నే. వేరువేరుగా నడుస్తున్న ప్రోగ్రాములు ఒకే సెట్టింగును పంచుకోవాలంటే, ఎక్కడ పెట్టాలి అన్నది సులువైన సగం. ఫైల్లో పెట్టొచ్చు, విండోస్ రిజిస్ట్రీలో పెట్టొచ్చు, డేటాబేస్‌లో పెట్టొచ్చు, షేర్డ్ మెమరీలో పెట్టొచ్చు. మారిందని ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు అన్నది కష్టమైన సగం. యూనిక్స్ వాళ్లు దీనికి ఒక తమాషా దారి వాడారు. సిగ్‌హప్ అని ఒక సిగ్నల్ ఉంది. అసలు అర్థం ఫోన్ లైను తెగిపోయిందని. మోడెమ్ ద్వారా కనెక్ట్ అయ్యే రోజుల్లో లైను కట్టయితే, ఆ టెర్మినల్ మీద నడుస్తున్న ప్రోగ్రాములకు ఇది వెళ్లేది. వెనకాల నడిచే సర్వర్ ప్రోగ్రాములకు టెర్మినలే ఉండదు, కాబట్టి తెగడానికి లైనే లేదు. ఖాళీగా ఉన్న ఆ సిగ్నల్‌కి "నీ సెట్టింగ్స్ ఫైలు మళ్లీ చదువుకో" అనే అర్థం ఇచ్చేశారు. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్లు ఇప్పటికీ దాన్ని అట్లాగే అర్థం చేసుకుంటాయి. లినక్స్‌లో ఐనోటిఫై ఉంది, ఫైల్లో ఎవరన్నా చెయ్యి పెడితే కెర్నలే వచ్చి చెప్తుంది. విండోస్‌లోనూ ఫోల్డర్ మీద కాపలా పెట్టే పద్ధతి ఉంది.

చెప్పినా చాలదు, ఇంకో చిక్కుంది. ఒక ప్రోగ్రాము ఫైలు రాస్తూ ఉండగా, సగంలో ఇంకోటి వచ్చి చదివితే? సగం కొత్త రేట్లు, సగం పాత రేట్లు. అందుకే జాగ్రత్తగల వాళ్లు అసలు ఫైల్లో నేరుగా రాయరు. పక్కన వేరే పేరుతో కొత్త ఫైలు పూర్తిగా రాసి, చివర్లో పాత పేరు దానికి మార్చేస్తారు. ఆ పేరు మార్చడం ఒకే దెబ్బలో అయిపోతుంది. చదివేవాడికి మొత్తం పాతదన్నా దొరుకుతుంది, మొత్తం కొత్తదన్నా దొరుకుతుంది, మధ్యరకం దొరకదు. పైథాన్‌లో దీనికి ఒక్క లైను చాలు.

కానీ ఆ ప్రోగ్రాములు నావి కావు, సోర్స్ కోడ్ నా దగ్గర లేదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "రేటు మారినప్పుడు రీస్టార్ట్ చేయండి సార్" అన్నాడు. అది ఆదివారం రాత్రే చెప్పి ఉంటే సరిపోయేది. పైగా ఒక కంప్యూటర్ సంగతి తేలినా, నంద్యాల కంప్యూటర్లో ఉన్నది వేరే కాపీ. నెట్ పోతే? గోడౌన్ వైపు వాన పడితే నెట్ పోతుంది, ఇది మాకు మామూలే. 40 కిలోమీటర్ల అవతల ఉన్న ప్రోగ్రాముకు కేక వేస్తే వినపడుతుందని నమ్మకం ఏముంది?

కాపీలతో వచ్చే తలనొప్పి మా ఊరివాళ్లకు కొత్త కాదు. నేను పదో తరగతిలో ఉండగా, 2022 ఏప్రిల్ 4న, రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ పొద్దున మేము నిద్ర లేచేసరికి కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారిపోయాం. ఇల్లు అదే, వీధి అదే, 518543 అనే పిన్ కోడూ అదే. జిల్లా పేరు మాత్రం కొత్తది. ఆ పేరు మాత్రం ఒక చోట లేదే! ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, బడి సర్టిఫికెట్లో ఒకటి, బ్యాంకులో ఒకటి. ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకసారి రాసిపెట్టుకున్న కాపీలు. ఇంజనీరింగ్ అడ్మిషన్ టైములో ఒక చోట ఫారం నింపుతుంటే, జిల్లా దగ్గర ఎంచుకోమని ఇచ్చిన లిస్టులో నంద్యాల లేనే లేదు. నా చేతిలో నివాస ధ్రువపత్రం మీద నంద్యాల జిల్లా అని ఉంది. కర్నూలు అని నొక్కితే పత్రంతో కలవదు, నంద్యాల అని నొక్కడానికి వీల్లేదు. కౌంటర్ దగ్గర కూర్చున్నామె "కర్నూలే కొట్టమ్మా, అందరూ అదే కొడతాండారు" అంది. కొట్టేశాను.

నిజానికి దేశం మొత్తానికి ఒక పట్టిక ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ. ప్రతి జిల్లాకూ, మండలానికీ, ఊరికీ అందులో ఒక కోడ్ ఉంటుంది. పేరు మారినా, ఒక జిల్లా రెండైనా అక్కడ దిద్దుతారు. అంటే ఫైలు ఉంది, సరిగ్గానే మారుతుంది. దాన్ని ఒకసారి కాపీ చేసుకుని, మళ్లీ ఆ వైపు చూడని ప్రోగ్రాములతోనే వచ్చింది చిక్కు. మా జేజిని అడిగితే ఇప్పటికీ కర్నూలు జిల్లా అనే చెప్తుంది. ఆమెకు సిగ్‌హప్ పంపే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ సెలవుల్లోనే ఒక సాయంత్రం రోడ్డు పక్కన శిల్పుల షెడ్ల దగ్గర ఆగాను. ఆళ్లగడ్డ అంటే రాజకీయాలు మాత్రమే గుర్తొచ్చే ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా, మా ఊరికి రాతి శిల్పాలతో కూడా పేరుంది. ఎక్కడెక్కడి గుళ్లకో ఇక్కడి నుంచి విగ్రహాలు వెళ్తాయి. షెడ్లు వేరు, రాళ్లు వేరు, పనివాళ్లు వేరు. ఒకరి పని ఇంకొకరు వచ్చి చూడరు. అయినా ఒక షెడ్‌లో అమ్మవారు, ఇంకో షెడ్‌లో అయ్యవారు తయారైతే పక్కపక్కన పెట్టినప్పుడు అతికినట్టు ఉంటారు. ఒక పెద్దాయనను అడిగా, "మీ అందరికీ కొలతలు ఎట్ల కలుస్తాయి స్వామీ? ఫోన్లు చేసుకుంటారా?" ఆయన నవ్వి, చాక్‌పీస్‌తో రాయి మీద ఒక గీత గీశాడు. "ఇది ముకం. ఇదొకటి పెట్టుకుంటే మిగతాదంతా దీంట్లోంచే వస్తాది. ఇంకొకరిని అడిగేది ఏముంది?"

తాళమానం అంటే అది. ముఖం పొడుగు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. నవతాళ విగ్రహమైతే ఎత్తు తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. ఈ అంగుళం మన స్కేలు మీద ఉండేది కాదు, ఆ విగ్రహంలోంచే పుట్టేది. విగ్రహం జానెడుదైనా, నిలువెత్తుదైనా లెక్క అదే. అందరి దగ్గరా ఉన్నది అంకె కాదు, పద్ధతి. ముందే అందరి దగ్గరకూ చేరిపోయింది కాబట్టి, పని మధ్యలో ఎవరూ ఎవరికీ కబురు పెట్టక్కర్లేదు. నిజమే, వాళ్ల 108ని మూడు వారాల నోటీసుతో 90 చేసే కౌన్సిల్ ఏదీ లేదు. వాళ్ల అదృష్టం అది.

అక్కడే నాకు ఐడియా మెరిసిందని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. రెండు రోజుల తర్వాత, జీఎస్టీ వార్త పాత పేపర్లో మళ్లీ చదువుతుంటే తట్టింది. నిర్ణయం 3న, అమలు 22న. మధ్యలో 19 రోజులు ఉన్నాయి. "ఇప్పుడు 18" అని ఆదివారం రాత్రి హడావిడిగా చెప్పాల్సిన పనే లేదు. "21 వరకు 28, 22 నుంచి 18" అని ఏ 5వ తేదీనో రెండు కంప్యూటర్లకూ చెప్పి ఉండొచ్చు. సెట్టింగులో అంకెతో పాటు తేదీ కూడా ఉంటే, కబురు ఎంత ముందైనా వెళ్లి కూర్చోవచ్చు. ఆ రాత్రి నెట్ లేకపోయినా, కరెంటు పోయినా, ఎవరూ ఎవరినీ పిలవకుండానే రెండూ ఒకే క్షణంలో మారతాయి.

అందుకని ఎస్టిమేట్ ప్రోగ్రామును పక్కన పెట్టి, పైథాన్‌లో చిన్నది ఒకటి రాశాను. నాలుగు రోజులు పట్టింది, అందులో రెండు రోజులు ప్రింటర్‌తో యుద్ధం. రేట్ల పట్టికలో ప్రతి వరుసకీ ఎప్పటి నుంచి అనే తేదీ ఉంటుంది. ఎస్టిమేట్ కొట్టే ప్రతిసారీ ఇది పట్టికను కొత్తగా చదువుతుంది, గుర్తుపెట్టుకోదు. ఫైలు చిన్నది, చదవడానికి రెప్పపాటు కూడా పట్టదు. మెమరీలో దాచుకోవడం ఇక్కడ దండగ. బిల్లింగ్ ప్రోగ్రాముకు తేదీలు అర్థం కావు కాబట్టి, పొద్దున అది తెరుచుకునే ముందు ఆ రోజు రేట్లు మాత్రం దాని ఫైల్లో, ఆ పేరు మార్చే పద్ధతిలో, పెట్టేస్తుంది. పట్టిక కాపీ నంద్యాలకు నెట్ ఉన్నప్పుడు వెళ్తుంది.

నంద్యాలలో పెట్టడానికి వెళ్లిన రోజు ఇంకోటి బయటపడింది. గోడౌన్ కంప్యూటర్లో తేదీ 2015 జనవరి 1 అని ఉంది. "కరెంటు పోయినప్పుడల్లా అంతే రా, మళ్లీ నెట్ రాంగానే సర్దుకుంటాది" అన్నాడు చిన్నాయన, అదేదో దాని స్వభావం అన్నట్టు. మదర్‌బోర్డ్ మీద నాణెం బ్యాటరీ అయిపోయింది. తేదీని నమ్ముకున్న నా ప్రోగ్రాముకు గడియారం కూడా పంచుకునే సెట్టింగే, అది ఒక చోట పదేళ్లు వెనక్కి పోతే పన్ను కూడా పదేళ్లు వెనక్కే. సంజీవ్‌నగర్ వైపు వెళ్లి బ్యాటరీ తెచ్చి వేశాను. ప్రోగ్రాములో కూడా ఒక కాపలా పెట్టాను. నిన్నటి చివరి బిల్లు కంటే ఇవాళ్టి తేదీ వెనక ఉంటే, ఏ రేటూ చూపించకుండా "గడియారం చూడండి" అంటుంది. తప్పు రేటు చెప్పడం కంటే నోరు మూసుకోవడం మేలని నాయన కూడా ఒప్పుకున్నాడు.

ఇంకోటి ఆయనే అడిగి పెట్టించుకున్నాడు. ఎస్టిమేట్ అయినా, బిల్లు అయినా కింద ఒక లైను వస్తుంది, "సిమెంటు పన్ను 18 శాతం, 22-09-2025 నుంచి అమలులో ఉన్న రేటు" అని. రెండు కాయితాల మీదా ఆ లైను ఒకటే అయితే లెక్క ఒకే పట్టికది అని ఎవరైనా చూసుకోవచ్చు. బిల్లు మీద అది రావడానికి అమ్మినాయన ఫుట్‌నోట్ అనే ఒక ఖాళీ గడి ఇచ్చి ఉన్నాడు, దాన్నే వాడుకున్నా.

నేను కాలేజీకి బయలుదేరే ముందు రోజు మేస్త్రి కొట్టుకొచ్చాడు, వేరే ఊర్లో ఒక ప్రహరీ గోడ పని దొరికిందని. 60 బస్తాలు. కాయితం వచ్చాక మొత్తం చూడలేదు, కింది లైను మీద వేలు పెట్టి "ఇది ఏమని ఉండాది అబ్బీ" అన్నాడు. చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమన్నాడు. తర్వాత ఆ కాయితాన్ని ఫోన్‌లో ఫోటో తీయమని నాకే ఇచ్చి, ఓనరు నంబరు చెప్పి, "ఆ లైను బాగా కనపడేట్ల తీసి పంపు" అన్నాడు.